పీడీఎఫ్‌ను డీడబ్ల్యూజీగా మార్చి పాత ప్లాన్ దిద్దుకోవచ్చా?

సైట్ ఇంజనీరు: జీ ప్లస్ వన్ ఇల్లు. ఇంటాయన పైన ఇంకో అంతస్తు వేస్తానంటున్నారు. పాత ఆర్కిటెక్టు అప్పట్లో ఇచ్చింది పీడీఎఫ్ ఒక్కటే, డీడబ్ల్యూజీ (ప్లాన్లు గీసే ఆటోకాడ్ సాఫ్ట్‌వేర్‌లో దిద్దుకోగల ఫైలు) అడిగితే ఇవ్వనన్నారట. పీడీఎఫ్‌ను మార్చేసి అందులోనే పని కానిస్తే తప్పా?

డ్రాఫ్ట్స్‌మన్: తప్పేముందన్నా? డబ్బు కట్టింది ఇంటాయన. ఆటోకాడ్ 2017 నుంచి పీడీఎఫ్‌ఇంపోర్ట్ కమాండ్ ఉంది. స్కాన్ కాపీ కాకపోతే గీతలన్నీ వచ్చేస్తాయి. మళ్లీ మొదటి నుంచి గీయడం దండగ.

స్ట్రక్చరల్ ఇంజనీరు: గీతలొస్తాయి తమ్ముడూ, కొలతల్ని మాత్రం నమ్మలేం. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున తీసిన పీడీఎఫ్‌లో ప్రతి పాయింటూ దగ్గర్లోని చుక్కకు సర్దుకుంటుంది. 1:100 స్కేల్లో ఒక చుక్కంటే నేల మీద దాదాపు 4.2 మిల్లీమీటర్లు. కాలమ్ సెంటర్ల మధ్య 4500 మిల్లీమీటర్లని రాసి ఉంటుంది, గీత కొలిస్తే 4498 రావచ్చు. డైమెన్షన్లు విడి గీతలూ విడి అంకెలూ అయిపోతాయి కాబట్టి గీత జరిపినా అంకె మారదు. ఆటోకాడ్ సొంత ఫాంటు ఎస్‌హెచ్‌ఎక్స్‌లో రాసినవైతే అక్షరాలు కూడా గీతలే. పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్‌టెక్స్ట్ కమాండ్‌తో మళ్లీ అక్షరాలు చేయొచ్చు గానీ, ఒక్కో అంకె పక్కన పెట్టి సరిచూడాల్సిందే.

డ్రాఫ్ట్స్‌మన్: కాంక్రీటు పనిలో 2 మిల్లీమీటర్లు ఎవరు చూస్తారు సార్?

స్ట్రక్చరల్ ఇంజనీరు: సరే, అది వదిలేద్దాం. ఎవరో కాగితానికి సరిపడేలా కుదించే ‘ఫిట్ టు పేపర్’ పెట్టి తీసిన పీడీఎఫ్ అయితే? 96 శాతానికి కుదిస్తే 4500 కాస్తా 4320 అవుతుంది. చూడ్డానికి ప్లాన్ బాగానే ఉంటుంది! అందుకే రాసి ఉన్న ఒక పొడవాటి కొలతను పట్టుకుని, అడ్డంగా నిలువుగా రెండు వైపులా స్కేలు సరిచేయాలి. ఆ ఫైలును కింద లేయరుగా లాక్ చేసి, పైన కొత్తగా గీయాలి. ఎలాగూ పై అంతస్తుకు సైటులో ఉన్న కాలమ్‌లనే కొలవాలి, పాత ప్లాన్‌లోవి కాదు.

ఇక డబ్బు కట్టారు కదా అన్న మాట. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్లాన్ కూడా కళాకృతే. హక్కు రాతపూర్వకంగా రాసిస్తే తప్ప బదిలీ కాదు. ఆర్కిటెక్టు పేరూ వివరాలూ ఉండే టైటిల్ బ్లాకు తీసేసి మన పేరు పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను.

డ్రాఫ్ట్స్‌మన్: పేరు మార్చమని నేననలేదు సార్. కానీ ఎడిటబుల్ ఫైలు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి. లేకపోతే ప్రతి ఇంటాయనకూ ఇదే తిప్పలు.

సైట్ ఇంజనీరు: ముందు ఇంటాయన చేత ఆర్కిటెక్టుకు మెయిల్ పెట్టిస్తా. కాలమ్ కొలతలు ఈలోగా తీసుకుంటా.