వరవ కాలువ పూడిక తీయడానికి మూడు ఊళ్ళను ఎలా కలపాలి?

ప్రశ్న (ఉదయగిరి మెట్ట రైతు):
మా చెరువుకు నీరు తెచ్చే వరవ కాలువ పైనున్న రెండు ఊళ్ళ పొలాల మీదుగా వస్తుంది. నిరుడు ఈశాన్య వానలకు ముందే కంప కొట్టించి పూడిక తీయాలని ఇంటింటికీ చందా వేసి జేసీబీ పెట్టాము కానీ, సగం దూరం పోయేసరికి డబ్బు అయిపోయి, లెక్కల దగ్గర మాటా మాటా పెరిగింది. పై ఊళ్ళవారేమో, ఆ చెరువు కింద తమకు సెంటు భూమి లేనప్పుడు తామెందుకు రావాలని అడుగుతున్నారు. ఆ మాటలో తప్పూ లేదు. అనుభవమున్నవారు దారి చెప్పగలరు.

జవాబు (కనిగిరి):
అన్నగారూ, ఇంటికింత అని వేయడమే మొదటి పొరపాటు. కూలికి పోయే ఇల్లూ, తూము పక్కన పదెకరాలున్న ఇల్లూ ఒకే మొత్తం ఇవ్వాలంటే ఎవరికి మనసొప్పుతుంది? మేము ఎకరాకింత అని వేసి, చెరువు చేపల వేలం సొమ్మును కూడా అందులోనే కలిపాము. పై ఊరివారిని అడగబోయే ముందు కాలువ వెంట ఒకసారి నడిచి చూడండి. మా కాలువలో నాలుగు చోట్ల ట్రాక్టర్లు దాటడానికి మట్టి పోసి ఉంటే, తగవుకు పోకుండా ఆ నాలుగు చోట్లా సిమెంటు గొట్టాలు వేయించి పైన బాట చేయించాము. తీసిన ఒండ్రును వారి చేలకే తోలించాము. మరుసటి ఏడు కంప కొట్టడానికి మేము పిలవకుండానే వారు వచ్చారు. వచ్చింది ఇద్దరే అనుకోండి, అయినా వచ్చారు.

జవాబు (కలిగిరి, పొదుపు సంఘం సభ్యురాలు):
మీ తగవు డబ్బు చాలకపోవడం వల్ల కాక, లెక్క కనబడకపోవడం వల్ల వచ్చినట్లుంది. మా దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చిన ఆడవారే 1992లో సారా అంగళ్ళ మీదికి కదిలారు. 1993 ఏప్రిల్‌లో మా నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరులో రాష్ట్రమంతటానూ సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే జిల్లాలో రోజుకొక రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. మా సంఘంలో నేటికీ పుస్తకం రాసినవారు కాక మరొకరు దాన్ని అందరి ముందూ పైకి చదువుతారు. ఇంతకీ మీ సభకు ఆడవారిని పిలిచారా?

జవాబు (ఆత్మకూరు):
1997 నాటి చట్టం ప్రకారం ఆయకట్టు రైతులందరికీ నీటి వినియోగదారుల సంఘం ఉంటుంది. దాని తరఫున జలవనరుల శాఖకు అర్జీ పెట్టి, ముందు కాలువ హద్దులు కొలిపించండి.

ప్రశ్న అడిగినవారు:
ఆడవారిని పిలవలేదమ్మా. ఆదివారం వారిని కూడా పిలిచి, నిరుటి లెక్కను రచ్చబండ దగ్గర చదివిస్తాము. డీజిలు రసీదులు రెండు దొరకడం లేదు. ఆ సంగతీ అక్కడే చెబుతాము.