పాత బిట్‌కాయిన్ వాలెట్ పాస్‌ఫ్రేజ్ మర్చిపోతే ఫైల్ బయటివాళ్ల చేతికి ఇవ్వొచ్చా?

ఎంవీపీ సెక్టర్ 7
అందరికీ నమస్కారమండీ. మా బావగారు 2013లో లాప్‌టాప్‌లో బిట్‌కాయిన్-క్యూటీ అనే వాలెట్ ప్రోగ్రామ్ (ఇప్పుడు దాన్నే బిట్‌కాయిన్ కోర్ అంటున్నారు) వేసుకుని కొద్దిగా బిట్‌కాయిన్ కొన్నారు, అప్పట్లో దాని గురించి ఎవరికీ పెద్దగా తెలీదు, ఆయనా పక్కన పడేశారు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్లు, లాప్‌టాప్ పోయింది గానీ హార్డ్ డిస్క్ మాత్రం విప్పి దాచారు. ఈమధ్య డాబాగార్డెన్స్‌లో ఒకాయన దాన్ని చదివించి అందులోంచి వాలెట్.డ్యాట్ అనే, కాయిన్ల తాళాలుండే ఫైల్ తీసిచ్చాడు. ఫైల్ బానే ఉంది, దాన్ని తెరిచే పాస్‌ఫ్రేజ్, అంటే పొడుగాటి పాస్‌వర్డ్, ఒక్కటే గుర్తు రావట్లేదు. తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టానంటారు, ఒక ఊరి పేరు, ఒక దేవుడి పేరు, ఏదో నంబరు, చివర ఒక గుర్తు. ఏ ఊరు, ఏ దేవుడు అన్నది ఆయనకి తెలుసు, ఎలా స్పెల్ చేశారన్నదే తెలీదు. అక్క ఏమో 20 శాతం తీసుకుని తెరిచిపెట్టే విదేశీ సర్వీసులు ఉన్నాయి, ఇచ్చేద్దాం అంటోంది. నాకు మనసొప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

గాజువాక గురుడు
ఇచ్చేయండి తమ్ముడూ, ఇందులో ఆలోచించడానికి ఏటుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది సున్నా, 20 పోయినా 80 మిగుల్తాది. స్టెఫాన్ థామస్ అనే ఆయన కథ 2021 జనవరిలో అన్ని పేపర్లలోనూ వచ్చింది, 7,002 బిట్‌కాయిన్లు ఉన్న డ్రైవ్‌కి పాస్‌వర్డ్ మర్చిపోయి ఉన్న 10 ఛాన్సుల్లో 8 వాడీసాడు, మిగతా రెండూ తప్పితే అంతా పోతాది. అలాంటి టెన్షన్ మీ ఇంట్లో ఎందుకు? పని తెలిసినోడికి ఇస్తే పనవుద్ది.

రుషికొండ నైట్‌షిఫ్ట్
గురుడు అన్నా, మీరు చెప్పింది నిజమే గానీ ఆయనది ఐరన్‌కీ అనే హార్డ్‌వేర్ డ్రైవ్, లెక్కపెట్టి లాక్ అయ్యేది అదీ. వాలెట్.డ్యాట్‌కి అలాంటి లెక్క ఏమీ లేదు, కోటిసార్లు తప్పు కొట్టినా ఫైల్‌కి ఏమీ కాదు. సో ఆ భయం తీసి పక్కన పెట్టండి ముందు.

లోపల జరిగేది ఇది. కాయిన్ల ప్రైవేట్ కీలని, అంటే కాయిన్లు పంపడానికి కావాల్సిన రహస్య నంబర్లని, ఒక మాస్టర్ కీతో లాక్ చేస్తారు, ఆ మాస్టర్ కీని మళ్లీ మీ పాస్‌ఫ్రేజ్‌తో లాక్ చేస్తారు. పాస్‌ఫ్రేజ్ కొట్టిన ప్రతిసారీ దాన్ని ఎస్‌హెచ్‌ఏ-512 అనే లెక్కలో కనీసం 25,000 సార్లు తిప్పాకే సరైందో కాదో తేలేది. కావాలనే అలా నెమ్మదిగా పెట్టారు, అందుకే గ్రాఫిక్స్ కార్డు ఉన్నా సెకనుకి వేలల్లోనే ట్రై చేయగలం, కోట్లల్లో కాదు. 5,000 అనుకుందాం. ఏమీ తెలీకుండా 8 చిన్నక్షరాల పాస్‌వర్డ్ వెతకాలంటే 20,882 కోట్ల రకాలు, అంటే దాదాపు 16 నెలలు, అదీ ఎనిమిదే అక్షరాలైతే. మీ బావగారిది ఇరవై అక్షరాలకి తక్కువ ఉండదు కాబట్టి గుడ్డిగా వెతకడం అనే మాటే లేదు, ఏ సర్వీసుకిచ్చినా అంతే.

కానీ ఆయనకి ముక్కలు గుర్తున్నాయి కదా. ఊరి పేరుకి 40 స్పెల్లింగులు, దేవుడి పేరుకి 60, నాలుగంకెల నంబరుకి 10,000, గుర్తుకి 10, అన్నీ గుణిస్తే 24 కోట్లు. అదే 5,000 స్పీడులో పదమూడు గంటల పైచిలుకు. ఏది ముందో ఏది వెనకో కూడా తెలీకపోతే నాలుగు ముక్కలకి 24 వరసలు కాబట్టి 24 రెట్లు, అంటే రెండు వారాల లోపే. బీటీసీరికవర్ అని ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, టోకెన్ ఫైల్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఈ ముక్కలు రాసిస్తే అదే కలిపి చూసుకుంటుంది. ఇంటి సిస్టమ్‌లో, నెట్ పీకేసి.

నేను ఇంట్లోనే చేయమనడానికి అసలు కారణం వేరే ఉంది. సింహాచలంలో ఎస్ తర్వాత ఐ ఒకటా, డబల్ ఈనా, మధ్యలో ఎమ్మా ఎన్నా, భీమిలికి బీ తర్వాత హెచ్ పెడతారా పెట్టరా, ఇవి అమెరికాలో కూర్చున్నవాడి డిక్షనరీలో ఉండవు. మీ బావగారి వేళ్లకే తెలుసు. ఆ డిస్క్‌లోనే పాత ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్ ఉందేమో చూడండి, మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకోకపోతే 2013లో సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ బయటికొస్తాయి, ఆయన అలవాటు మొత్తం అందులో కనిపిస్తుంది. నంబరు ముందు పెడతారా, మొదటి అక్షరం పెద్దది కొడతారా, అన్నీ.

ఇంకో మాట, ముక్కలు ఏమిటో ఇక్కడ ఇంతకుమించి రాయకండి.

గాజువాక గురుడు
లెక్క బావుంది, ఒప్పుకుంటాను. కానీ అందరి ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ఆ ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన పైథాన్ అంటే ఏటో తెలీని వాళ్లు ఆ టోకెన్ ఫైల్ ఒక్క కామా తప్పు రాస్తే సరైన పాస్‌ఫ్రేజ్‌ని దాటేసి "లేదు" అని చెప్పేస్తాది, ఆ తర్వాత ఇంక అక్కడ వెతకరు కూడా. అదే పెద్ద నష్టం.

సీతమ్మధార అక్క
బాబూ, నేను టెక్నికల్ మనిషిని కాదు. మా దగ్గరి బంధువు ఒకాయన టెలిగ్రామ్‌లో రికవరీ నిపుణుడు అని చెప్పుకున్న వాడిని నమ్మాడు. ముందు ఫీజు అన్నాడు, తర్వాత వెరిఫికేషన్ కోసం వాలెట్ తాలూకు 12 పదాలు అడిగాడు, ఈయన ఫోటో తీసి పంపేశాడు. తెల్లారేసరికి ఖాళీ. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ కూడా పెట్టాం, కానీ బిట్‌కాయిన్ ఒకసారి వెళ్లిపోయాక వెనక్కి తెచ్చే బ్యాంకు మేనేజర్ ఎవరూ ఉండరు కదా. ఆ మనిషి ఇప్పటికీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు. దయచేసి ఎవరికీ ఏమీ పంపకండి.

రుషికొండ నైట్‌షిఫ్ట్
అక్కా, మీ బంధువుకి జరిగింది చాలా బాధగా ఉంది. ఆ 12 పదాలంటే కాయిన్లే, అవి ఇచ్చాక ఇంక దాచుకోవడానికి ఏమీ మిగలదు. వాలెట్.డ్యాట్ సంగతి మాత్రం కొంచెం వేరు, ఇంట్లో చేయలేనివాళ్ల సంగతి అని గురుడు అన్న చెప్పినదానికి కూడా జవాబు ఇక్కడే ఉంది.

మొత్తం ఫైల్ ఇవ్వక్కర్లేదు. లాక్ అయి ఉన్న మాస్టర్ కీని మాత్రం విడిగా తీసే చిన్న స్క్రిప్టు బీటీసీరికవర్‌తోనే వస్తుంది, హ్యాష్‌క్యాట్ అనే ఇంకో పాస్‌వర్డ్ వెతికే ప్రోగ్రామ్ కోసమైతే బిట్‌కాయిన్2జాన్ అనే స్క్రిప్టు ఉంది. దాన్నుంచి వచ్చేది ఒకే ఒక్క లైను. ఆ లైనుతో పాస్‌ఫ్రేజ్ వెతకొచ్చు, కానీ అందులో ప్రైవేట్ కీలు ఉండవు కాబట్టి దొరికినా కాయిన్లు కదపలేరు. బయట ఇవ్వాల్సి వస్తే ఆ లైనే ఇవ్వాలి, ఫైల్ కాదు. నేను గట్టిగా నిలబడేది ఈ ఒక్క పాయింటు మీదే.

గాజువాక గురుడు
మరి వాళ్లకి మన మీద నమ్మకం ఏటి? పాస్‌ఫ్రేజ్ చెప్పాక మనం ఫీజు ఎగ్గొడితే? అందుకే కదా కొందరు మొత్తం ఫైల్ అడిగేది.

రుషికొండ నైట్‌షిఫ్ట్
అడుగుతారు, వాళ్ల భయం వాళ్లది. మధ్యలో లాయర్ని పెట్టి అగ్రిమెంట్ రాసుకోవచ్చు. దానికి కూడా ఒప్పుకోకుండా ఫైలే కావాలి అన్నవాడిని నేనైతే వదిలేస్తాను.

ద్వారకానగర్ ఆడిటర్
20 పోయి 80 మిగుల్తుంది అన్నారు, ఆ లెక్క సరికాదండీ. 2022 బడ్జెట్‌లో తెచ్చిన రూలు ప్రకారం క్రిప్టో అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, పైన 4 శాతం సెస్సు, మొత్తం పెద్దదైతే సర్‌ఛార్జి కూడా. కొన్న ధర తప్ప వేరే ఏ ఖర్చూ తీసెయ్యడానికి లేదు, అంటే సర్వీసుకిచ్చిన 20 మీద కూడా మీరే పన్ను కట్టాలి. 2013లో కొన్న ధర ఇప్పటి ధర ముందు లెక్కలోకే రాదు కాబట్టి చేతికొచ్చేది సగం దగ్గర్లో ఉంటుంది. అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ వేరే పట్టుకుంటారు, అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఇంట్లో తెరుచుకుంటే ఆ 20 మీదే. కొన్న తాలూకు పాత మెయిల్, బ్యాంకు స్టేట్‌మెంటు ఏదైనా ఉంటే ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఎంవీపీ సెక్టర్ 7
చాలా థ్యాంక్సండీ అందరికీ, ముఖ్యంగా ఆ సగం లెక్క చూపించాక అక్క కొంచెం మెత్తబడింది. ఫైర్‌ఫాక్స్ ఫోల్డర్ ఉంది, ఇవాళే చూశాం, బావగారు ప్రతి పాస్‌వర్డ్‌లోనూ దీర్ఘానికి డబల్ ఏ కొట్టేవారట, ఆయనకే ఆశ్చర్యం. ఒక్క డౌటు, డాబాగార్డెన్స్ ఆయన దగ్గర ఫైల్ కాపీ ఉండిపోయుంటే?

రుషికొండ నైట్‌షిఫ్ట్
ఉండే ఉంటుందనే అనుకోండి. పాస్‌ఫ్రేజ్ లేకుండా అది ఆయనకి పనికిరాదు, కానీ ఆయన షాపు సిస్టమ్‌లో మాత్రం వెతికించకండి. సముద్రగాలికి డిస్క్ మళ్లీ ఎప్పుడైనా మొరాయించొచ్చు కాబట్టి ముందు పూర్తి క్లోన్, అంటే డిస్క్ మొత్తానికి కాపీ, తీసి, దాని మీదే పని చేయండి. అసలు మొదలుపెట్టే ముందు కొత్త వాలెట్ ఒకటి పెట్టి పాస్‌ఫ్రేజ్ తెలిసిన టెస్ట్ ఫైల్ మీద ఆ టోకెన్ ఫైల్ పద్ధతి నడిపి చూడండి, గురుడు అన్న చెప్పిన కామా తప్పు అక్కడే దొరుకుతుంది. అసలుది తెరుచుకోగానే కాయిన్లన్నీ కొత్త వాలెట్‌కి పంపేయండి, అప్పుడు పాత ఫైల్ ఎవరి దగ్గర ఎన్ని కాపీలున్నా ఫర్వాలేదు.

గాజువాక గురుడు
టెస్ట్ ఫైల్ మాట బావుంది. తమ్ముడూ, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే చెప్పండి, మా అబ్బాయి గేమింగ్ సిస్టమ్ ఉంది. మీ ఇంటికే తెస్తాడు, మీ ముందే పెట్టుకోండి.