రోజువారీ ఫైనాన్స్ వడ్డీని ఎనిమిదో తరగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

నేను లెక్కల టీచర్‌ని. బారువడ్డీ పాఠంలో నూటికి 2 రూపాయల వడ్డీ అంటే నెలకు కాబట్టి ఏడాదికి 24 శాతమని పిల్లలు ఇట్టే పట్టేశారు. చిక్కల్లా రోజువారీ ఫైనాన్స్ దగ్గరే. కాగితం మీద 10,000, చేతికిచ్చేది 9,000, ఇక రోజుకు వంద చొప్పున 100 రోజులు కట్టాలి. క్లాసంతా 10 శాతమే అంటోంది. కానీ కట్టాల్సిన అసలు సొమ్ము రోజూ తగ్గుతూ పోతుంది కదా, ఆ లెక్కన ఏడాదికి 75 శాతం పైనే పడుతుంది. వీళ్లలో చాలామంది ఇళ్లలో కూరగాయల బండికో టిఫిన్ బండికో ఇలాంటి అప్పే తెస్తారు, అందుకే ఇది వాళ్లకు గట్టిగా అర్థం కావాలని నా తపన. సగటు బాకీ అనే మాట వాడకుండా, ఫార్ములా లేకుండా, నోటుబుక్కులో పట్టిక గీయించి చెప్పే పద్ధతి ఎవరైనా వాడారా? ఇంట్లోవాళ్ల అప్పుల సంగతి క్లాసులో బయటపడకుండా ఎలా నడిపారో కూడా దయచేసి చెప్పండి.