తాతయ్య గొంతున్న క్యాసెట్‌కి బూజు: టేపు తెగకుండా విప్పేదెలా?

మాది విజయవాడ. తొంభై నాలుగేళ్లు నిండుగా బతికిన మా తాతయ్య సంవత్సరీకం వచ్చే నెలలో. ఆ రోజు బంధువులందరికీ ఆయన గొంతు వినిపించాలని ఆశ. ఉన్నది 1988లో బాబాయి రికార్డు చేసిన సీ-90 (తొంభై నిమిషాల) క్యాసెట్ ఒక్కటే. 1952లో కృష్ణ మీది పాత ఆనకట్ట తెగినప్పటి సంగతులు, 1957లో ప్రకాశం బ్యారేజీ తెరిచిన నాటి కబుర్లు అందులో ఆయన మాటల్లోనే ఉన్నాయి. మధ్యలో "కాఫీ చల్లారిపోతోంది" అని నానమ్మ కేక కూడా!

టేపు చుట్ట అంచుల్లో తెల్లటి పొడిలా బూజు పట్టింది. టేపును హెడ్‌కి (టేప్ రికార్డర్‌లో టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి) ఆనించే చిన్న మెత్త ఊడిపోయింది. ఎ సైడు పది నిమిషాలు అణిగిపోయిన గొంతుతో నడిచి, కీచుమని ఆగిపోతోంది. బి సైడు కదలడమే లేదు. పెన్సిల్‌తో తిప్పి చూశాం, హెడ్ స్పిరిట్‌తో తుడిచాం, వేరే టేప్ రికార్డర్‌లోనూ వేశాం. లాభం లేదు. రిపేరు షాపులో అయితే "పారేయండి సార్" అన్నారు. పారేసేదా అది?

చుట్టల్ని మంచి క్యాసెట్ డబ్బాలోకి మార్చేద్దామంటే, దీనికి స్క్రూలు లేవు, అతికించిన రకం. టెన్షన్ అక్కడే. ఇలాంటి క్యాసెట్‌ని టేపు దెబ్బతినకుండా ఎలా విప్పాలో, చేసినవాళ్లెవరైనా చెబుతారా?