నాన్న మాత్రలు మానేసి కషాయం తాగుతానంటున్నారు, ఎలా ఒప్పించాలి?

మాది కావలి దగ్గర పల్లె. నాన్నగారికి క్లోమ గ్రంథి క్యాన్సర్. కాలేయానికి పాకింది, ఇక నయం కాదు, నొప్పి తెలియకుండా చూసుకోండి అన్నారు డాక్టర్లు. 2021లో కృష్ణపట్నం కరోనా మందు కోసం జనం బారులు తీరినప్పటి నుంచి ఆయనకు ఆకుమందుల మీద గురి. ఇప్పుడు మార్ఫిన్ మాత్రలు మానేసి తిప్పతీగ కషాయం తాగుతానని పట్టుబట్టారు. తిప్పతీగతో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు మన దేశ డాక్టర్లే రాశారు. అంతకన్నా పెద్ద భయం, మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆ నొప్పిని ఆయన ఎలా ఓర్చుకుంటారని. అలాగని ఆయన ఆశను నా నోటితో తుంచలేను.

ఇలాంటి పరిస్థితి దాటినవారు ఇంట్లో పెద్దవాళ్లకు ఎలా నచ్చజెప్పారు? నెల్లూరు, ఒంగోలు వైపు ఇంటికి వచ్చి నొప్పికి వైద్యం చేసేవారు ఉంటే దయచేసి తెలపండి. కొత్త నాటుమందుల పేర్లు మాత్రం చెప్పకండి.