అరిగిపోయిన శిలాక్షరాలు చదవడానికి ఏ ఇమేజింగ్ పద్ధతి మేలు?

ప్రశ్న:
నమస్కారం. బాగా అరిగిపోయిన ఒక శిలాశాసనాన్ని చదివే ప్రయత్నంలో ఉన్నాను. చాలాచోట్ల అక్షరాల లోతు ఒక మిల్లీమీటరు కూడా లేదు. రాతి పొరలు రాలుతున్నందువల్ల తడి కాగితం అద్ది ఎస్టాంపేజి (అక్షరాల అచ్చు) తీయడానికి సంరక్షకులు అంగీకరించలేదు. వారి అభ్యంతరం న్యాయమైనదే. పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు వేసి ఫొటోలు తీస్తే ఒకదానిలో స్పష్టంగా ఉన్న గీత మరొకదానిలో కనిపించడం లేదు. అది ఉలి గీతో, రాతి పగులో తేల్చుకోలేకపోతున్నాను. ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్, అంటే వెలుతురు దిక్కు మారుస్తూ తీసిన ఫొటోలను కలిపి చూడటం), ఫొటోగ్రామెట్రీ (అనేక కోణాల ఫొటోల నుంచి త్రిమితీయ నమూనా తయారుచేయడం) అనే రెండు పద్ధతుల్లో దేనితో మొదలుపెట్టమంటారు?

మొదటి సమాధానం:
ఆర్‌టీఐతో మొదలుపెట్టండి. 2001లో హ్యూలెట్-ప్యాకార్డ్ పరిశోధనశాలకు చెందిన టామ్ మాల్జ్‌బెండర్ బృందం ప్రచురించిన పాలినోమియల్ టెక్స్చర్ మ్యాపింగ్ అనే పద్ధతి దీనికి మూలం. కెమెరానూ రాయినీ కదలనివ్వకుండా, దీపాన్ని మాత్రం ఒక్కో ఫొటోకు ఒక్కో దిక్కుకు మారుస్తూ సుమారు 40 నుంచి 60 ఫొటోలు తీస్తారు. దీపం జరిగేకొద్దీ ప్రతి పిక్సెల్ దగ్గర వెలుగు ఎలా పెరిగిందో, ఎలా తగ్గిందో లెక్కగట్టి, ఆ చోట ఉపరితలం ఎటు వాలి ఉందో సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. ఆ తర్వాత తెర మీద వెలుతురును మీకు కావలసిన దిక్కుకు తిప్పుకుంటూ అదే అక్షరాన్ని ఎన్నిసార్లయినా పరిశీలించవచ్చు. రాతి రంగునూ మరకలనూ తగ్గించి మెరుపును పెంచి చూపే సదుపాయం కూడా ఉంది. అరిగిన రాయి విషయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే.

దీపాలు అమర్చిన ఖరీదైన గుమ్మటం అవసరం లేదు. ఫ్రేములో నల్లని మెరిసే గోళాలు రెండు ఉంచితే, వాటి మీద పడే మెరుపు చుక్కనుబట్టి దీపం దిక్కు తెలుస్తుంది. దీపం దూరం ప్రతిసారీ ఒకేలా ఉండటానికి దారంతో కొలవండి, అయితే దారం రాతికి తగలకూడదు.

రెండవ సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తున్నాను. ఆర్‌టీఐ చెప్పేది వాలును గురించే, లోతును నేరుగా కొలవదు. కెమెరా ఒకేచోట ఉంటుంది కనుక రాయి అంచుల మీదికి, పక్కలకు సాగిన రాత కూడా దానికి అందదు. మీ అసలు సందేహం పగులా, ఉలి గీతా అన్నది కాబట్టి, దానికి గీత అడ్డుకోత ఆకారం కావాలి. ఉలి గీత అడుగు భాగం వెడల్పు, వాలు సాధారణంగా పక్క అక్షరాల గీతలతో సరిపోలుతాయి. పగులు మాత్రం వెడల్పు మారుతూ, అక్షరం ముగిసినా ఆగక, రాతి పొరల వెంట సాగిపోతుంది. ఇది చూడటానికి అన్ని కోణాల నుంచి ఒకదానిపై ఒకటి ఎక్కువగా వ్యాపించేలా దగ్గరి ఫొటోలు తీసి, కొలబద్ద పక్కన పెట్టి, ఫొటోగ్రామెట్రీతో త్రిమితీయ నమూనా తయారు చేయాలి. మిల్లీమీటరు కన్నా తక్కువ లోతు కనుక ఫోకస్ కాస్త చెదిరినా ఆ భాగం పనికిరాదు. నమూనా సిద్ధమయ్యాక, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో క్యూనిఫాం (మేకు ఆకారపు గుర్తుల ప్రాచీన లిపి) మట్టి పలకల అధ్యయనం కోసం రూపొందిన గిగామెష్ వంటి సాఫ్ట్‌వేర్ చిన్న పల్లాలను ఎత్తి చూపుతుంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. మెరుగుపరచిన చిత్రంలో నేను ఆశిస్తున్న అక్షరమే నాకు కనిపిస్తుందేమోనన్న భయం మాత్రం తీరలేదు.

మూడవ సమాధానం:
ఆ భయం ఉండటమే మంచిది. ఏ అక్షరాన్ని ఏ దిక్కు వెలుతురులో చదివారో రాసి పెట్టుకోండి. ఒకే దిక్కున కనిపించి, మిగతా దిక్కుల్లో ఆధారం దొరకని గీతను నమ్మకండి. మీ పాఠం తెలియని మరొకరి చేత విడిగా చదివించండి. కృత్రిమ మేధతో చిత్రానికి పదును పెట్టే సాధనాలను దూరంగా ఉంచండి, అవి లేని గీతలను కల్పించగలవు. మార్చని మూల ఫొటోలన్నీ భద్రపరచండి.

ఒక్క పద్ధతితో సరిపెట్టుకోనక్కర లేదు. ప్రాచీన గ్రీకుల పళ్లచక్రాల పరికరమైన ఆంటికిథెరా యంత్రపు శకలాలను 2005లో ఏథెన్స్‌లో పరిశీలించినప్పుడు, పైకి కనిపించే రాతల కోసం ఈ వెలుతురు పద్ధతినీ, తుప్పు పొరల లోపల దాగిన అక్షరాల కోసం ఎక్స్‌రే టోమోగ్రఫీనీ (లోపలి పొరలను చూపే స్కానింగ్) వాడారు. మీ రాయికి ఎక్స్‌రే అవసరం లేదు. ఆర్‌టీఐలో చదివి, సందేహం మిగిలిన అక్షరాలకు మాత్రం త్రిమితీయ నమూనాలో అడ్డుకోత చూడండి. అప్పటికీ తేలనివాటి కింద పాఠంలో చుక్క పెట్టండి, పూర్తిగా పోయినవాటిని చదరపు కుండలీకరణాల్లో చూపండి.