బాలిలో బాతూర్ అగ్నిపర్వతం ఎక్కడం గురించి

ప్రశ్న: వచ్చే నెల బాలికి వెళుతున్నాము. మా నాన్నగారికి 62 ఏళ్లు; ఏటా తిరుమలకు మెట్లదారిలోనే వెళ్తారు. 1,717 మీటర్ల ఎత్తున్న బాతూర్‌ను ఆయన గైడుతో ఎక్కగలరా? లోపల ఇంకా చల్లారని కొండ కదా అని అమ్మ భయపడుతున్నారు.

మొదటి జవాబు: నేను నిరుడు ఎక్కాను. దయచేసి తిరుమలతో పోల్చకండి. అక్కడ మెట్లున్నాయి, ఇక్కడ పైభాగమంతా వదులు రాళ్లు, నల్లటి బూడిద కావడంతో అడుగు వేసిన ప్రతిసారీ కాస్త వెనక్కి జారుతాము. తెల్లవారుజామున 4 గంటలకు టార్చి వెలుతురులో బయలుదేరితే సుమారు రెండు గంటల్లో శిఖరం చేరవచ్చు గాని, మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే. పైన ఒక రాతి పగులు దగ్గర అరచేయి పెడితే ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి తగిలింది. మా గైడు అందులోనే కోడిగుడ్లు ఉడికించి పెట్టాడు. అరటిపండు మాత్రం చేతిలో పట్టుకుని నిలబడకండి, కోతులు ఊరుకోవు.

రెండో జవాబు: అమ్మగారి భయం అర్థం లేనిది కాదు. 1926లో లావా బాతూర్ గ్రామాన్ని కప్పివేయగా, ఊరివారు గుడితో సహా పైనున్న గట్టుకు తరలిపోయారు. చివరిసారి పేలింది 2000లో. ఇండోనేషియా ప్రభుత్వం నాలుగు స్థాయుల్లో హెచ్చరికలు ప్రకటిస్తుంది; బయలుదేరే ముందురోజు అది మొదటి స్థాయిలోనే ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. నాన్నగారికి చేతికర్ర కొంటున్నాను. అమ్మ కింద సరస్సు ఒడ్డునే ఉంటారట.